పైసలు ఏడికి పోయినయి?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి తమ్ముడు నెల కింద ఫోన్ చేసి, "అన్నా, ముప్పై ఎనిమిదేండ్లు బ్యాంకుల చేసినవు గదా, డబ్బు గురించి నాలుగు మాటలు చెప్పాలె" అన్నాడు. సరే అన్నాను. అదే రోజు సాయంత్రం మా బ్యాచ్ మిత్రుడొకడు ఫోన్ చేశాడు. "ఏందిరా, మైకు ఇస్తున్నరట నీకు. 1991ల నేనడిగినదానికి ఇంకా జవాబు బాకీ ఉన్నవు. అది చెప్పి దిగు" అన్నాడు. వాడు ఇప్పుడు రెండో వరుసలో కూర్చుని నవ్వుతున్నాడు. పేరు చెప్పను. మా బ్యాచ్ వాళ్లకు ఎవరో తెలుసు.

కాబట్టి ఈ రోజు ప్రసంగం వాడికి చెల్లించాల్సిన బాకీ. మీరందరూ సాక్షులు.

ముందు మన లెక్కల సారును తలుచుకోవాలి. ఎనిమిదో తరగతిలో సారు బోర్డు మీద ఒక లెక్క వేసేవారు. "హాలీ రూపాయలు ఏడైతే కల్దారు రూపాయలు ఆరు. వంద కల్దార్లకు హాలీ ఎంత?" మాకు అప్పటికే పైసల లెక్క వచ్చేసింది, అణాలు పోయాయి. అయినా సారు వదలరు. 116 రూపాయల 10 అణాల 8 పైలు అని రాబట్టేదాకా నిలబెట్టేవారు. హాలీ అంటే నిజాం ప్రభుత్వపు ఉస్మానియా సిక్కా. కల్దారు అంటే బ్రిటిష్ ఇండియా రూపాయి. మా తాత బెజవాడకు పత్తి గింజలు అమ్మబోయినప్పుడల్లా ఈ లెక్క వేసుకునే బండి కట్టేవాడట.

పిల్లలకు ఇది కథలా ఉంటుంది గానీ, మన జిల్లాలు రెండూ వేరే డబ్బు నడిచిన దేశంలో ఉండేవి. హైదరాబాదు రాజ్యానికి సొంత నాణెం ఉండేది, దాని మీద చార్మినార్ బొమ్మ. 1918 నుంచి సొంత కాగితం నోటు కూడా వచ్చింది. ఆ డబ్బును చూసుకోవడానికి 1941లో చట్టం చేసి, 1942 ఏప్రిల్ 5న గన్‌ఫౌండ్రీలో హైదరాబాద్ స్టేట్ బ్యాంకు తెరిచారు. ఉస్మానియా సిక్కా నిర్వహణ, ప్రభుత్వ అప్పుల లెక్క ఆ బ్యాంకు పని. అంటే ఒక చిన్న రిజర్వు బ్యాంకు మన దగ్గరే ఉండేదన్నమాట. 1950లో భారత రూపాయి వచ్చి హాలీ పక్కన నిలబడింది. 1959 నాటికి హాలీ పూర్తిగా చెల్లకుండా పోయింది. ఆ బ్యాంకు 1956లో రిజర్వు బ్యాంకు చేతికి వెళ్లి స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది, 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది.

మా నాయనమ్మ కుండలో హాలీ రూపాయలు కొన్ని మిగిలిపోయాయి. చిన్నప్పుడు నేనడిగాను, "ఇవి పైసలేనా?" అని. "అప్పుడు పైసలే. ఇప్పుడు వెండి" అంది. డబ్బు గురించి నేను విన్న మొదటి పాఠం అదే. లోహం అదే ఉంది, బరువు అదే ఉంది, డబ్బు మాత్రం పోయింది. ఎందుకంటే వెనక నిలబడి "ఇది చెల్లుతుంది" అనే సంస్థ లేకుండా పోయింది.

ఇక 1991 సంగతి.

అప్పుడు నేను మిర్యాలగూడ వైపు ఒక చిన్న శాఖకు మేనేజర్ని. ఏ బ్యాంకో ఇక్కడ అవసరం లేదు. సాగర్ ఎడమ కాలువ కింద వడ్లు కోతకొచ్చే కాలం. మా మిత్రుడికి చిన్న రైస్ మిల్లు ఉంది. వడ్ల నిల్వ మీద వాడికి మా దగ్గర లిమిటు ఉంది. గోదాముకు బ్యాంకు తాళం వేసే కీ లోన్. ఆ సీజన్‌కు ఇంకో రెండు లక్షలు కావాలన్నాడు. రైతులు కల్లాల్లో వడ్లు పోసుకుని కూర్చున్నారు, రొక్కం ఇస్తేనే మిల్లుకు వస్తాయి. నేను తల అడ్డంగా ఊపాను. "పైనుంచి బంద్ ఉందిరా. రిజర్వు బ్యాంకు ఆపేసింది" అన్నాను.

వాడు కాసేపు కూర్చున్నాడు. "మీ బ్యాంకుల మా ఊరోళ్లు డిపాజిట్లు పెట్టుడు ఆగిందా?" అన్నాడు. లేదన్నాను. నిజానికి పెరిగాయి. "మరి ఆ పైసలు ఏడికి పోయినయి?" అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. వాడు బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు. అంటే ఏడాదికి 36 శాతం. రెండు లక్షలకు నెలకు ఆరు వేలు. ఆ అప్పు తీరడానికి వాడికి నాలుగేళ్లు పట్టింది, మిల్లులో సగం వాటా పోయింది.

ఇప్పుడు లెక్క చెబుతాను. సారు నేర్పిన పద్ధతిలోనే, మెట్టు మెట్టుగా.

ఆ ఏడాది మా శాఖలో కొత్తగా వంద రూపాయల డిపాజిట్ వచ్చిందనుకోండి. అందులో 15 రూపాయలు బ్యాంకు తీసుకెళ్లి రిజర్వు బ్యాంకు దగ్గర తన ఖాతాలో పెట్టాలి. దీన్ని నగదు నిల్వ నిష్పత్తి, మా భాషలో సీఆర్‌ఆర్ అంటారు. 1991 మే నుంచి కొత్తగా పెరిగిన డిపాజిట్ల మీద ఇంకో 10 రూపాయలు అదనంగా పెట్టమన్నారు. ఇంకా 38 రూపాయల 50 పైసలు ప్రభుత్వ బాండ్ల వంటి వాటిలో పెట్టాలి. అది ఎస్‌ఎల్‌ఆర్. కూడండి. 63 రూపాయల 50 పైసలు. చేతిలో మిగిలింది 36 రూపాయల 50 పైసలు. అప్పుల్లో నూటికి 40 వ్యవసాయం, చిన్న పరిశ్రమల వంటి ప్రాధాన్య రంగాలకు ఇవ్వాలనే నియమం కూడా ఉంది. దేశంలోని రైతులు, నేత కార్మికులు, మిల్లులు, లారీల వాళ్లు, పెద్ద కంపెనీలు అందరూ ఆ ముప్పై ఆరున్నర చుట్టూ కూర్చోవాలి.

ఇంకొకటి కూడా ఉంది. వడ్లు, బియ్యం నిల్వల మీద ఇచ్చే అప్పులకు రిజర్వు బ్యాంకు 1956 నుంచీ ప్రత్యేకంగా పగ్గం వేసింది. వ్యాపారులు బ్యాంకు డబ్బుతో ధాన్యం దాచి ధర పెంచుతారని భయం. అందుకని ధర ఎక్కితే మార్జిన్ పెంచమంటారు. అంటే వంద రూపాయల వడ్లు తాళం కింద ఉన్నా బ్యాంకు ఇచ్చేది తక్కువ. ధర దిగితే సడలిస్తారు. ఇది తొంభైల మధ్యలో గానీ పోలేదు. కాబట్టి మా మిత్రుడి మిల్లు మీద రెండు తాళాలు పడ్డాయి. ఒకటి మొత్తం డబ్బు మీద, ఒకటి వడ్ల మీద.

ఎందుకంత బిగించారు? 1991 గుర్తున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. దేశం దగ్గర విదేశీ మారకం కొన్ని వారాల దిగుమతులకే ఉంది. బంగారం విమానంలో లండన్‌కు పంపి కుదువ పెట్టారు. ధరలు మండిపోతున్నాయి. ప్రభుత్వం తన ఖర్చుకు రిజర్వు బ్యాంకు దగ్గర అప్పు తీసుకుంటే కొత్త డబ్బు పుడుతుంది. ఆ పుట్టిన డబ్బు బ్యాంకుల్లోకి వచ్చి ఇంకా పెరగకుండా రిజర్వు బ్యాంకు నిల్వ నిష్పత్తి బిగించింది. ఒక చేత్తో తెరిచి ఇంకో చేత్తో మూయడం అది.

పెరగడమంటే ఏమిటో పిల్లల కోసం చెబుతాను. మన చెరువులు మీకు తెలుసు. చెరువుకు తూము ఉంటుంది, మత్తడి ఉంటుంది. తూము కాడ నీరటి ఉంటాడు. ఎంత తెరవాలో, ఎప్పుడు మూయాలో వాడికి తెలుసు. ఎక్కువ వదిలితే చివరి వానల దాకా నీళ్లుండవు. అసలు వదలకపోతే పొలం ఎండుతుంది, చెరువు మత్తడి దూకుతుంది. రిజర్వు బ్యాంకు ఈ నీరటి వంటిది.

కానీ ఒక తేడా ఉంది. నీళ్లు కాలువలో పడ్డాక పెరగవు, డబ్బు పెరుగుతుంది. నిల్వ నిష్పత్తి 10 శాతం అనుకోండి. మీరు వంద వేశారు, బ్యాంకు పది ఉంచి తొంభై అప్పిచ్చింది. అప్పు తీసుకున్నాయన ఎరువుల దుకాణంలో ఇచ్చాడు. దుకాణదారు తన బ్యాంకులో వేశాడు. ఆ బ్యాంకు తొమ్మిది ఉంచి ఎనభై ఒకటి ఇచ్చింది. ఇలా తిరుగుతూ పోతే మొదటి వంద మీద వెయ్యి రూపాయల డిపాజిట్లు నిలబడొచ్చు. నిష్పత్తి 20 అయితే ఐదు వందలే. నిజజీవితంలో ఇంత కచ్చితంగా ఉండదు. జనం కొంత రొక్కం ఇంట్లో ఉంచుకుంటారు, బ్యాంకు ముందు అప్పిచ్చి తర్వాత నిల్వ వెతుక్కోవడమూ ఉంది. కానీ దారి అర్థమైతే చాలు. నోట్లు అచ్చు వేసేది రిజర్వు బ్యాంకే గానీ, మన డబ్బులో ఎక్కువ భాగం బ్యాంకుల పుస్తకాల్లో అప్పులుగా పుట్టిందే. అందుకే నిల్వ మీద చెయ్యి వేస్తే మొత్తం మీద చెయ్యి వేసినట్టు.

నిల్వ అంటే ఇనప్పెట్టెలో ఉన్న నోట్లు అనుకుంటారు. అది కూడా కాదు. నేను కొన్నాళ్లు మహబూబ్‌నగర్ జిల్లాలో కరెన్సీ చెస్ట్ ఉన్న శాఖలో చేశాను. గది నిండా నోట్ల కట్టలు. చూడ్డానికొచ్చిన వాళ్లు "మీ బ్యాంకు పైసలు ఇన్నా!" అనేవారు. అవి మా బ్యాంకువి కావు. చెస్ట్‌లో ఉన్నంతసేపు ఆ నోట్లు రిజర్వు బ్యాంకువి, మేం కాపలాదారులం. అందులోంచి కోటి రూపాయలు కౌంటర్‌కు తెస్తే, రిజర్వు బ్యాంకులో మా బ్యాంకు ఖాతా నుంచి కోటి తగ్గుతుంది. తిరిగి పెడితే పెరుగుతుంది. వడ్లు, వేరుశెనగ, పత్తి కొనే రోజుల్లో నోట్లు చెస్ట్ నుంచి ఊళ్లకు పోయేవి, బ్యాంకుల నిల్వ పలచబడేది. అందుకే రిజర్వు బ్యాంకు ఒకప్పుడు ఏడాదిని రెండు ముక్కలు చేసి విధానం ప్రకటించేది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా రద్దీ సీజన్, మే నుంచి అక్టోబరు దాకా మందకొడి సీజన్. ముంబయిలో కూర్చున్నవాళ్లకు కూడా మన కల్లాలే క్యాలెండరు.

1991 చివర్లో మైదవోలు నరసింహం కమిటీ, ఈ నిష్పత్తులు దించాలని చెప్పింది. మెల్లగా దించారు. తర్వాత పదేళ్లలో పద్ధతే మారింది. డబ్బు ఎంతో లెక్కగట్టి తలుపు మూయడం కంటే, దాని ధర మార్చడం ముఖ్యమైంది. బ్యాంకుకు రాత్రికి రాత్రి నిల్వ తక్కువైతే ప్రభుత్వ బాండ్లు పెట్టి రిజర్వు బ్యాంకు దగ్గర తెచ్చుకుంటుంది. దానికి కట్టే వడ్డీయే రెపో రేటు. రిజర్వు బ్యాంకు బాండ్లు కొంటే బ్యాంకుల ఖాతాల్లో అంకె పెరుగుతుంది, అమ్మితే తగ్గుతుంది. అచ్చు యంత్రం తిరగాల్సిన పని లేదు.

ఈ కాలంలో ఇద్దరు తెలుగువాళ్లు వరుసగా ఆ తూము కాడ నిలబడ్డారు. 2003 నుంచి 2008 దాకా యాగా వేణుగోపాల్ రెడ్డి గారు. అప్పుడు డాలర్లు వరదలా వచ్చాయి. మన నల్లగొండ పిల్లలు డాలస్ నుంచి పంపినవీ, విదేశీ సంస్థలు షేర్లలో పెట్టినవీ. రిజర్వు బ్యాంకు డాలర్లు కొంటే అంతకు సరిపడా రూపాయలు బయటికొస్తాయి. వాటిని వెనక్కి పీల్చడానికి 2004లో ప్రత్యేక బాండ్ల పథకం పెట్టారు. సీఆర్‌ఆర్‌ను 4.5 నుంచి మెట్టు మెట్టుగా 9 శాతం దాకా తీసుకెళ్లారు. అంత బిగింపు ఎందుకని తిట్టినవాళ్లు చాలామంది. 2008 సెప్టెంబరు 5న ఆయన దిగి దువ్వూరి సుబ్బారావు గారు వచ్చారు. పది రోజులకు అమెరికాలో లేమాన్ బ్రదర్స్ కూలింది. ప్రపంచమంతా బ్యాంకులకు డబ్బు పుట్టలేదు. సుబ్బారావు గారు 9 శాతాన్ని నాలుగైదు నెలల్లో 5కు దించారు. దించడానికి ఉంది కాబట్టి దించగలిగారు. మంచి కాలంలో చెరువు నింపితేనే చెడ్డ కాలంలో తూము తెరవగలం. అది మాత్రం నేను నా కళ్లతో చూశాను.

2016 నవంబరు 8 రాత్రి కూడా చూశాను. నా రిటైర్మెంటుకు ఐదు నెలలుంది. 500, 1000 నోట్లు రద్దయ్యాయి. విలువలో చూస్తే జనం చేతుల్లో ఉన్న నోట్లలో 86 శాతం అవే. బ్యాంకులు మళ్లీ తెరిచిన రోజు నుంచి డిపాజిట్లు పొంగాయి. పుస్తకాల్లో డబ్బు ఎంత ఎక్కువైందంటే, ఆ నెల 26న రిజర్వు బ్యాంకు, పెరిగిన డిపాజిట్ల మీద నూటికి నూరు తన దగ్గర పెట్టమంది. డిసెంబరు 10న ఎత్తేసింది. అదే రోజుల్లో నా కౌంటర్ ముందు పెన్షన్ ముసలమ్మలు రెండు వేల కోసం పొద్దున్నుంచి నిలబడ్డారు. పుస్తకంలో వరద, కౌంటర్లో కరువు. నిల్వ వేరు, రొక్కం వేరు అని వాళ్లకు ఎట్లా చెప్పను? చివరికి 15.41 లక్షల కోట్లలో 15.31 లక్షల కోట్లు బ్యాంకులకు తిరిగొచ్చాయి.

ఈ మధ్య సంగతి. కరోనాలో రెపో 4 శాతానికి దిగింది, 2023 ఫిబ్రవరికి 6.5 దాకా ఎక్కింది. ఇల్లు కట్టుకున్న మీ కొడుకుల కిస్తీ సంఖ్య పెరిగింది అందుకే. 2025 జూన్‌లో సీఆర్‌ఆర్‌ను 4 నుంచి 3 శాతానికి, నాలుగు విడతల్లో దించుతామన్నారు. దాంతో బ్యాంకులకు రెండున్నర లక్షల కోట్లు విడుదలవుతాయని లెక్క. 15తో పోలిస్తే 3 ఎంత తక్కువో చూడండి.

మిత్రుడా, ఇక్కడిదాకా నీ ప్రశ్నకు సగం జవాబు. ఆ పైసలు రిజర్వు బ్యాంకు ఖాతాలోకీ, ప్రభుత్వ బాండ్లలోకీ పోయాయి. మిగిలినవి తక్కువ.

ఇక రెండో సగం. ఇది నేను ముప్పై నాలుగేళ్లుగా ఎవరికీ చెప్పలేదు.

మిగిలినవి తక్కువ, కానీ సున్నా కాదు. ఆ సీజన్‌లో మా శాఖ కొందరికి అప్పులు ఇచ్చింది. నీ లిమిటు పెంచే అధికారం నాకు లేదు, నిజమే. కానీ నీ దరఖాస్తును నా సిఫారసుతో ప్రాంతీయ కార్యాలయానికి పంపే అధికారం నాకుంది. పంపితే కొంతైనా వచ్చేదేమో, అసలు రాకపోయేదేమో. నేను పంపలేదు. బిగింపు కాలంలో మిత్రుడికి సిఫారసు చేశాడని ఆడిట్‌లో రాస్తారని భయపడ్డాను. కాగితం సొరుగులో పెట్టి, నీకు "రిజర్వు బ్యాంకు ఆపింది" అని చెప్పాను. ఆ రోజు నాకు రిజర్వు బ్యాంకు ఒక మంచి సాకు.

నేను నేర్చుకున్నది ఇంతే. చెరువులో ఎన్ని నీళ్లుండాలో కేంద్ర బ్యాంకు చూస్తుంది. అది అవసరం. అది లేకపోతే మా నాయనమ్మ కుండలో రూపాయల్లా మన రూపాయి విలువా పోతుంది. కానీ ఏ మడికి ఎంత పారాలో అది చెప్పదు. ఆఖరి మడి ఎండిందంటే ప్రతిసారీ తూముదే తప్పు కాదు. కాలువ మీద కూర్చున్న నాలాంటివాడి తప్పు కూడా ఉంటుంది. పాలమూరు నుంచి పొట్ట చేతపట్టుకుని పోయిన కూలీ పంపిన డబ్బు మా శాఖలోనే డిపాజిట్ అయ్యేది. వాడి ఇంటివాళ్లు గేదె లోన్ అడిగితే మేం చెప్పే మాటా అదే, "పైనుంచి లేదు."

పిల్లలకు ఒక పనికొచ్చే మాట చెప్పి దిగుతాను. 2003లో రిజర్వు బ్యాంకు ఒక నియమావళి ఇచ్చింది. లోన్ దరఖాస్తు తిరస్కరిస్తే ముఖ్య కారణం రాతపూర్వకంగా ఇవ్వాలని. మొదట చిన్న రుణాలకు పెట్టారు, తర్వాత అన్ని రుణాలకూ వర్తింపజేశారు. రేపు మీరు కౌంటర్ ఇవతల ఉంటే, నోటిమాటతో లేచి రాకండి. దరఖాస్తుకు రసీదు అడగండి, కారణం కాగితం మీద అడగండి. మీలో ఎవరైనా కౌంటర్ అవతల కూర్చుంటే, ఆ కాగితం సొరుగులో పెట్టకండి.

మన సారు లెక్క తప్పు చేస్తే కొట్టేవారు కాదు. "ఏ మెట్టు కాడ తప్పినవో నువ్వే చూపియ్యి" అనేవారు. సార్, ఇవాళ చూపించాను. ఆలస్యమైంది.

మిత్రుడా, బాకీలో అసలు తీరింది. వడ్డీ భోజనాల దగ్గర మాట్లాడుకుందాం.